గంజి పెట్టని కాగితం

కవి జలపతి పోతూ పోతూ భార్యను శపించి పోయాడని సిరిసిల్ల అంతా నమ్ముతోంది. ఆయన చివరి పాట 'పొయ్యి' పుణ్యమా అని ఆ భార్య శంకరవ్వకు "పాటలు కాల్చినామె" అన్న పేరు స్థిరపడిపోయింది. రేపు జగిత్యాలలో జలపతి రాతప్రతులు, ఉత్తరాలు భద్రపరిచే గదిని తెరుస్తున్నారు. గుమ్మంలో అడుగు పెట్టగానే కంట పడేలా వేలాడదీయబోతున్నదీ ఆ పాటే.

ఆ గదిలో కాగితాలు స్కాన్ చేసే ఉద్యోగం కవి కూతురు అనూషదే. తండ్రి కాగితాలు అంత బిరుసుగా ఎందుకున్నాయో, ప్రతి కాగితానికీ నడుమ అడ్డంగా, తాడు మీద ఆరేసినట్టు ఆ మడత గీత ఏమిటో ఆమెకు అంతుపట్టలేదు. పోయిన వారం తల్లికి ఫోను చేసి అడిగింది. పొద్దున ఏం కూర వండావంటే చెప్పినంత మామూలుగా, "గంజి వెట్టి ఆరేసిన బిడ్డా, అన్నిటికి" అంది శంకరవ్వ.

అన్నిటికీ! అనూష గబగబా ఫోనులో ఒక ఫొటో వెతికి తీసింది. 'పొయ్యి' అసలు ప్రతిని కోరుట్లలో తండ్రి దోస్తు చిన్నయ్య సార్ తన దగ్గరే పెట్టుకుని, ఫొటో మాత్రం పంపాడు. ఆ ఫొటోలో కాగితం నడుమ గీత లేదు.

ఈ రోజు తల్లీకూతుళ్లు కోరుట్ల పోతున్నారు.

* * *

వేములవాడలో బస్సు మారి, ఆధార్ కార్డులు చూపించి ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్లు తీసుకుని కూర్చున్నారు. రుద్రంగి దాటాక మక్క చేన్ల మీది నుంచి వెచ్చని గాలి కొట్టడం మొదలైంది. శంకరవ్వ కొంగు తల చుట్టూ బిగించుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. కథలాపూర్ కూడలిలో బస్సు ఆగినప్పుడు జలపతి మొహం ఆమె ఎదుటికి వచ్చింది, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీ మీద. మొహం పక్కన చేతిరాతలో పాట చరణాలు. కింద మూలన చిన్న అక్షరాల్లో 'నరేశ్ ఆర్ట్స్, సిరిసిల్ల' అని ఉంది.

"మీ అన్న ఏసిండు," అంది శంకరవ్వ. "మీ బాపు మూతి మంచిగ రాలే."

"అక్షరాలు మాత్రం బాపు చేతిరాతే అవ్వా. నేను ఏ కాయిదం పంపలే అన్నకు. యాడికెళ్లి తీసిండు?"

"తీసుడేంది? రాసిండు. చిన్నప్పటి సంది గంతే, మీ బాపు రాత లెక్కనే రాస్తడు. ఇస్కూల్ల సారు గుర్తువట్టకపోయేటోడు, సెలవు చీటీ ఎవలు రాసిన్రో."

ఇద్దరూ నవ్వారు. చాలా రోజులకు నవ్విన నవ్వు. అది పూర్తి కాకుండానే పక్క సీట్లో బీడీల చాట ఒళ్లో పెట్టుకున్న ముసలామె ముందుకు వంగింది.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు గా జలపతి ఇంటామెవు గాదూ? మా మనుమరాలు గా పాట పాడింది బడిల. నాకు ఏడుపచ్చింది. గట్లెట్ల కాల్చినవక్కా మనిషి రాసుకున్నయి?"

అనూష నోరు తెరవబోయింది. శంకరవ్వ కూతురి తొడ మీద చెయ్యి వేసి ఆపింది.

"చలివెట్టింది అక్కా," అంది. "కాచుకున్న."

ముసలామె వెనక్కి జరిగి చాట సర్దుకుంది. శంకరవ్వ మళ్లీ కిటికీ వైపు తిరిగింది. ఆమెకు చదువు రాదు. ఆ పాటను ఆమె ఒక్కసారి కూడా పూర్తిగా వినలేదు. ఏ సభలోనైనా ఎవరైనా గొంతు సవరించుకుని 'పొయ్యి' అనగానే, దూప అవుతుందని చెప్పి నీళ్లకన్నట్టు లేచి బయటికి పోతుంది. పాట అయిపోయిందని చప్పట్లు చెబితే గానీ లోపలికి రాదు.

"ఇయ్యాల్టితోని ఈ పేరు పోతదవ్వా," అంది అనూష మెల్లగా. "నువ్వు గంజి వెట్టినవని ఒక్క మాట చెప్పు చాలు."

"చెప్త. అండ్ల భయమేంది? నేను చేసిందే గద."

అనూష తల దించుకుంది. తల్లికి చెప్పని మాట ఒకటి ఆమె దగ్గర ఉంది. అది చెప్పకుండానే పని అయిపోతే బాగుండునని, బస్సు కోరుట్ల చేరేదాకా అదే కోరుకుంది.

* * *

చిన్నయ్య సార్ జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాడు. జలపతికి దోస్తు. జలపతి బతికుండగా ఆయన పాటల గురించి రెండు ముక్కలు రాయని మనిషి, పోయాక ఆయన మీదే బతికాడు. పుస్తకం అచ్చు వేయించాడు, 'పొయ్యి' మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చాడు, చివరికి జగిత్యాలలో ఈ సేకరణ గదికి గౌరవాధ్యక్షుడయ్యాడు.

హాల్లో ఇంకా జగిత్యాల చేరని కాగితాల అట్టపెట్టెలు తాళ్లు కట్టి వరసగా పెట్టి ఉన్నాయి. గోడకు ఆనించి, తెల్లని గుడ్డ కప్పిన పెద్ద ఫ్రేము. అనూష అన్న నరేశ్ మధ్యాహ్నం ట్రాలీ ఆటో తెచ్చి ఇవన్నీ జగిత్యాల చేర్చాలి.

"రా వదినా, రా! రేపు ముందు వరసలో నీకు కుర్చీ వేయించాను. శాలువా కూడా నీకే," అంటూ సార్ ఎదురొచ్చాడు. సభల్లో మాట్లాడీ మాట్లాడీ ఆయన ఇంట్లో కూడా సభలోలాగే మాట్లాడతాడు. "అమ్మా అనూషా, స్కానింగులు అయిపోయాయా?"

"సగమే అయినయి సార్. చానా కాయిదాలు పురుగు తిన్నది."

"తెలుసమ్మా, ఏడుపొస్తోంది చూస్తుంటే. జల్లెడలా అయిపోయాయి. కానీ అదృష్టం చూడు!" సార్ ఫ్రేము మీది గుడ్డ లాగాడు. "దీన్ని మాత్రం ముట్టలేదు. పెట్టె అడుగున, అన్నిటి కిందా ఉంది. అయినా ఒక్క చిల్లు లేదు. నేను రేపు మైకులో చెప్పబోయేదీ ఇదే. మహాకవి గుండెకోతకు పురుగు కూడా దండం పెట్టింది!"

అద్దం వెనక గీతల్లేని తెల్ల కాగితం. నీలం సిరాతో జలపతి చేతిరాత. మడత గీత లేదు. చిల్లు లేదు. పుట్టినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది.

అనూష చెయ్యి సంచిలోకి పోయింది. జగిత్యాల నుంచి తెచ్చిన ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పెట్టింది.

"సార్, ఇది చూడుండ్రి. మన గదిల నంబరేసి దాచినం. 'కవి దాచుకున్న పత్రం' అని మీరే రాయించిన్రు."

సార్ కళ్లద్దాలు సర్దుకున్నాడు. "కరెంటు బిల్లు."

"ఔ. పట్టి చూడుండ్రి. బిరుసుగ లేదా? నడుమ గీత చూడుండ్రి. ఇది పెళ్లి పత్రిక. దీనికి సుత గీతున్నది. ఇది బాపు పాట, భీవండిల నేత పనికి పోయినప్పటిది. దీనికీ ఉన్నది. పెట్టెల ఉన్న ప్రతి కాయిదానికి ఉన్నది. ఎందుకున్నదో మా అవ్వ చెప్తది."

శంకరవ్వ సోఫా అంచున కూర్చుంది. చెప్పమన్నందుకు చెప్పింది.

"ఆయిన సచ్చిపోయిన యేడు వానలు బాగ కొట్టినయ్ సారూ. ఇల్లు కారింది. పెట్టెలకు నీళ్లు దిగినయ్. మూత తీస్తే కాయిదాలన్ని మెత్తగ, ముట్టుకుంటే చినిగేటట్టున్నయ్. మా అవ్వగారింట్ల పడుగు నూలుకు గంజి వెట్టేది చూసిన నేను. గంజి వెడితె పోగు గట్టివడ్తది, తెగది. గిది సుత గంతే గద అనుకున్న. బియ్యపు గంజి పల్చగ కాసి, గుడ్డల వడగట్టి, కుంచెతోని అటు ఇటు రాసిన. ఇంట్ల అడ్డంగ సుతిలి తాడు కట్టి ఒక్కొక్కటి ఆరేసిన. పిల్లలిద్దరు ఇంట్ల లేరు. ఇది హాస్టల్ల ఉన్నది. వాడు హైదరాబాదుల పని నేర్సుకుంట ఉన్నడు. ఎవలన్న అడిగితె గద చెప్పేది?"

"అన్నిటికా వదినా?" సార్ గొంతులో ఉపన్యాసం తగ్గింది.

"నాకు చదువత్తదా సారూ, ఏది పాటనో ఏది బిల్లో తెల్వనీకి? పెట్టె ఖాళీ చేసి అన్నిటికి వెట్టిన."

"కరెంటు బిల్లుకే గంజి వెట్టినామె," అంది అనూష, "పాటకు వెట్టదా సార్? మీ ముందుమాటల ఏం రాసిన్రు? 'పెట్టె అడుగున, మిగతా అన్నింటి కింద దొరికింది' అని. ఇప్పుడు సుత గదే అన్నరు. అన్నిటికి గంజి ఉండంగ అడుగున ఉన్నదానికి ఎందుకు లేదు? ఎందుకంటె మా అవ్వ గంజి వెట్టిననాడు ఈ కాయిదం ఆ పెట్టెల లేదు. తర్వాత వచ్చి చేరింది. మా బాపు పోయినంక వచ్చి చేరింది."



చిన్నయ్య సార్ ఫ్రేము వైపు చూశాడు. కరెంటు బిల్లు వైపు చూశాడు. కాలేజీలో ముప్పుతిప్పలు పెట్టే పిల్లల్ని చూసిన మనిషి. ఎక్కడ దెబ్బ తగిలిందో తెలియగానే, ఎక్కడ కొట్టాలో కూడా తెలిసిపోయింది.

"అట్లనా?" అన్నాడు. సభ తెలుగు ఎగిరిపోయింది. కోరుట్ల మాట బయటికొచ్చింది. "అట్లనా అనూషా? మరి పురుగు ఎందుకు వట్టిందో చెప్పినవా మీ అవ్వకు?"

అనూష తల్లి వైపు ఓరగా చూసింది. "సార్, అది..."

"చెప్పలేదన్నట్టు. నేను చెప్త." లేచి ఒక అట్టపెట్టె తాడు విప్పి, ఒక కట్ట తీసి శంకరవ్వ ఒళ్లో పెట్టాడు. పెట్టాడు అనడం మర్యాద, వేశాడు. "చూడు వదినా. నీ మొగని రాతలు. ఎండకు పట్టుకో, అవతలి గోడ కనవడ్తది. పురుగుకు గంజి అంటె ఏందో ఎరుకేనా? బువ్వ. వడ్డించి, ఆరేసి, పెట్టెల వెట్టి మూతేసినవ్. జలపతి పాటలు కాల్చినవని అందరంటరు. కాల్చినా బాగుండు, ఒక్కనాడు ఏడిసి ఊకుందుము. నువ్వు పురుగులకు ఏసినవ్!"

"సార్!" అనూష అరిచింది.

"నన్ను అడుగుతానవా నువ్వు? రేపు మైకుల చెప్దాం పట్టు, గంజి ముచ్చట. పేపరోళ్లు సుత ఉంటరు. పాటలు కాల్చినామె అన్న పేరు పోతది. పాటలు పురుగులకేసినామె అన్న పేరత్తది. ఏది కావాల్నో మీ అవ్వనడుగు."

శంకరవ్వ కట్టలో మొదటి కాగితం తీసింది. వెలుతురుకు ఎత్తి పట్టింది. కాగితం నిండా సూది గుచ్చినట్టు చిల్లులు, కొన్ని చోట్ల వరసకు వరస మాయం. కిందికి దించి, వేలు తడి చేసి మూలన రాసింది. వేలికి జిగురు తగిలింది. ఆ వేలిని కొంగుకు తుడుచుకుంది. మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

"నిజమేనా బిడ్డా?"

అనూష తల ఊపింది.

"బస్సుల ఎందుకు చెప్పలే?"

"నువ్వు రావేమోనని అవ్వా."

"ఔ," అంది శంకరవ్వ. "రాకపోయేదాన్ని."

అంతే. తిట్టలేదు. ఏడవలేదు. కాగితాన్ని పసిపిల్లను ఎత్తినట్టు రెండు చేతులతో ఎత్తి తిరిగి కట్టలో పెట్టింది. గెలిచి పోదామని తల్లిని పట్టుకొచ్చిన అనూషకు ఆ క్షణంలో సోఫా కింద దూరాలనిపించింది. కానీ ఇంతదూరం వచ్చి వెనక్కి పోతే ఉన్న పేరూ ఉంటుంది, కొత్త పేరూ తగులుకుంటుంది.

"సరే సార్," అంది పళ్లు బిగించి. "గంజి తప్పు మాదే. మైకుల నేనే చెప్త. కని నేనడిగినదానికి జవాబు రాలే. ఈ కాయిదం పెట్టెలకు ఎట్ల వచ్చింది?"

సార్ పెదవి తడుపుకున్నాడు. "నన్నడుగుతవేంది? పెట్టె నా ఇంటికి తెచ్చిచ్చింది ఎవరు? మీ అన్న. మూత తీసి 'సార్, అడుగున గీ పాట దొరికింది' అని నా చేతుల వెట్టిందెవరు? మీ అన్న. పొయి వాన్ని అడుగు."

ఆయన జేబులో ఫోను మోగింది. తెరమీద చూసి, "అగో, వాడే. వస్తున్నట్టున్నడు," అంటూ మాట్లాడుకుంటూ వరండాలోకి నడిచాడు. వెనక తలుపు దగ్గరికి వేసి మరీ పోయాడు.

* * *

తల్లీకూతుళ్లు ఇద్దరే మిగిలారు. ఎదురుగా ఫ్రేము.

అన్న? అనూష తల అడ్డంగా ఊపింది. అన్న ఎందుకు రాస్తాడు? రాసినా, అచ్చం బాపు రాతలాగా రాయడం... కథలాపూర్ కూడలిలో చూసిన ఫ్లెక్సీ కళ్ల ముందు కదిలింది. బాపు చేతి అక్షరాలు. తీసుడేంది, రాసిండు.

"చదువు," అంది శంకరవ్వ.

"ఏంది?"

"గా పాట. ఇన్నేండ్లు తప్పించుకున్న. ఇయ్యాల చదువు. మొత్తం."

"ఇప్పుడెందుకవ్వా?"

"సచ్చినాయిన తిట్టిండనుకుని వినలే. ఆయిన తిట్టలేదంటున్నవు. మరి ఎవలు తిట్టిన్రో ఇననియ్యి."

అనూష ఫ్రేము ముందు నేల మీద కూర్చుని, గొంతు తడుపుకుని చదివింది.

వానకు తడిసి కట్టెలు ఏడ్చిన నాడు
అట్ట చింపింది, దారం పీకింది
ఒక్కొక్క ఆకు పొయ్యిల వెట్టి
అంబలి కాసింది ఆమె.

శంకరవ్వ కళ్లు మూసుకుని వింటోంది.

తలుపెనుక నిలవడి చూసిన నేను.
అరవలే. ఆపలే.

"తలుపెనుకనా?" అంది కళ్లు తెరవకుండానే. "మీ బాపు తలుపెనుక నిలవడేటోడు కాదు. కోపమస్తె నేసే సాంచ బందువెట్టి వాడకట్టంత ఇనేటట్టు అరిచేటోడు. చదువు."

ఆమె అరచేతికి అంటిన పచ్చరంగు
నా కంచంలకు దిగింది.
ఆ నాడు తిన్న బువ్వ
ఈ నాటికి అరగలే.

అనూష ఆగింది. పచ్చరంగు అంటే పంట అనీ, బతుకు అనీ, జలపతి ఆశలన్నీ ఆ ఒక్క రంగులో ఉన్నాయనీ చిన్నయ్య సార్ పుస్తకంలో పేజీలకు పేజీలు రాశాడు. కాలేజీ పరీక్షలో దాని మీద ప్రశ్న కూడా వచ్చింది.

వెనక్కి తిరిగి చూసింది. శంకరవ్వ తన కుడి అరచేతిని ఒళ్లో పరుచుకుని చూసుకుంటోంది.

"అవ్వా?"

"మీ బాపు నీలం పెన్నుతోనే రాసేటోడు. పచ్చరంగు యాడిదే?"

"అది కవిత్వం అవ్వా..."

"కవిత్వం కాదే. మైనం." శంకరవ్వ అరచేతిని బొటనవేలితో రుద్దుకుంది. "మీ బాపు భీవండిల ఉండె అప్పుడు. నువ్వింత పిల్లవు, నీకు జరం. కట్టెలన్ని తడిసినయ్, అంటుకుంటలేవు. మీ అన్న పనికి పొమ్మంటె పోడు, బడికి పొమ్మంటె పోడు, ఎప్పుడు సూడు బొమ్మలు. పెద్ద బుక్కు, నిండ బొమ్మలు, ఆ మైనం రంగులు. ఆ నాడు నాకేం దయ్యం వట్టిందో! వాని బుక్కు గుంజుకున్న. అట్ట చింపిన. దారం పీకిన. ఒక్కొక్క కాయిదం పెట్టి అంబలి కాసిన. పచ్చ చిలుక బొమ్మ ఉండె, రంగు గింత మందం. కరిగి చేతికంటింది. ఎంత తోమినా పోలే. గదే చేతితోని వానికి వడ్డించిన. మారు మాట్లాడకుంట తిన్నడు. నేను మంచిగైండనుకున్న."

అనూషకు ఒక్కొక్క మాట వచ్చి తగులుతోంది. పాట పాటంతా తలకిందులై, ఇప్పుడు సరిగ్గా నిలబడింది. తలుపు వెనక నిలబడ్డది కవి జలపతి కాదు. బొమ్మలు వేసుకునే ఒక పిల్లవాడు.

"ఈ ముచ్చట ఇంకెవలకెరుక?"

"ఎవలకు చెప్త? నాకెరుక. వానికెరుక." శంకరవ్వ వచ్చి కూతురి పక్కన నేల మీద కూర్చుని ఫ్రేము అద్దం మీద చెయ్యి పెట్టింది. అక్షరాలు తెలియని వేళ్లు అక్షరాల మీద తిరిగాయి. "సచ్చినాయిన మీద ఇన్నేండ్లు కోపం వెట్టుకున్న. ఆయిన ఫొటో ముందట దీపం వెట్టుడు సుత బందువెట్టిన. ఆయిన ఏం పాపం చెయ్యలే. గిది నా కొడుకు తిట్టు."

వరండాలో మాటలు ఆగిపోయాయి. చెప్పుల చప్పుడు దగ్గరికొస్తోంది.

"అవ్వా, విను." అనూష తల్లి భుజాలు పట్టుకుంది. "చిన్నప్పుడు నువ్వు చేసింది తప్పే. కని వాడు బాపు పేరు వెట్టి నిన్ను జిల్లా అంతట తిట్టించిండు. సార్ రాంగనే చెప్దాం. బాపు రాయలే, అన్న రాసిండని..."

"చెప్పకు."

"అవ్వా!"

"చెప్తె వాన్ని ఏమంటరు? తండ్రి పేరు మీద దొంగరాత రాసినోడంటరు. నలుగురిల తలెత్తుకోనిస్తరా? నాకంటె అలవాటైంది. వానికి అలవాటు లేదు."

తలుపు తెరుచుకుంది. చిన్నయ్య సార్ లోపలికి వచ్చి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఎంత విన్నాడో ఆయన మొహం చెప్పలేదు.

శంకరవ్వ లేచి నిలబడింది. కొంగు సర్దుకుంది. సభలో పేరు పిలిస్తే లేచినట్టు లేచింది.

"సారూ, యాదికచ్చింది. గీ కాయిదం పెట్టెల లేకుండె. నా చీరె మడతల ఉండె. నేనే దాచిన, ఎవలు చదువొద్దని. అందుకే గంజి వెట్టలే. తర్వాత నేనే పెట్టె అడుగున ఏసిన. ఆయినే రాసిండు. నేనే కాల్చిన ఆయిన పాటలు."

"అబద్ధం!" అంది అనూష. "సార్, అబద్ధం చెప్తంది. చదువు రానామెకు ఏది దాచాల్నో ఎట్ల తెలుస్తది?"

సార్ ఆమె మాట వినలేదు. వినదలచుకోలేదు. ఊపిరి వదిలి, రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. మళ్లీ సభ తెలుగు తిరిగొచ్చింది.

"చూశావా అమ్మా? నిజం ఎప్పటికైనా బయటికి వస్తుంది. వదినా, పెద్ద మనసు నీది. ఈ మాట రేపు మైకులో నాలుగు ముక్కలు చెప్తావా? 'నేనే కాల్చాను, నన్ను క్షమించండి' అని. అంతే చాలు. పేపర్లో ఫొటో వస్తుంది. గంజి సంగతి మనం ఎత్తం."

బయట ట్రాలీ ఆటో వచ్చి ఆగిన చప్పుడు.

"చెప్త," అంది శంకరవ్వ.

గడపలో నీడ పడింది. నరేశ్ చేతిలో తాళ్ల చుట్టతో నిలబడి ఉన్నాడు. చొక్కా మీద ఎక్కడెక్కడో రంగు మరకలు. "అవ్వా, నువ్వెందుకచ్చినవ్ ఈడికి?" అన్నాడు. తర్వాత గుడ్డ తీసిన ఫ్రేము చూశాడు. దాని ముందు నేల మీద కూర్చున్న చెల్లెను చూశాడు. "ఏం చెప్తవవ్వా? ఏందది?"

 శంకరవ్వ కొడుకు దగ్గరికి నడిచింది. కుడిచెయ్యి చాచి, అరచేయి వాడి మొహం ముందు తెరిచి పట్టుకుంది.

"రంగు పోయిందిరా," అంది. "చూడు. ఎప్పుడో పోయింది."

నరేశ్ ఆ చేతిని చూశాడు.  తాళ్ల చుట్ట కింద పడింది. ఏడుస్తాడనుకుంది అనూష. కాళ్ల మీద పడతాడనుకుంది. అతను తల్లి పక్కనుంచి తప్పుకుని, నేరుగా చిన్నయ్య సార్ ఎదుటికి పోయి నిలబడ్డాడు. సార్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సార్," అన్నాడు నరేశ్, గొంతు పెంచకుండా. "నేను నా పేరు మీద రాసుకుని నీకు చూపిచ్చిన పాటకు మా బాపు పేరు ఎవరు వెట్టిన్రో నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"